చెరుకుపల్లి... పై నుంచి!

తెనాలి, బాపట్ల, రేపల్లె... ఎటు నుంచి చెరుకుపల్లి రావాలన్నా బస్సో ఆటోనో ఎక్కాల్సిందే. విమానంలోనూ రావచ్చు, ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని! 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ భూగోళం మొత్తాన్నీ ఉపగ్రహ చిత్రాలతో తెరమీదికి తెచ్చింది మరి.

గన్నవరం రన్‌వే మీంచి సెస్నా 172ని లేపి దక్షిణానికి తిప్పి, కృష్ణ దాటితే పశ్చిమ డెల్టా. గళ్ళచీర ఆరేసినట్టు వరిమళ్ళు, మధ్యలో కాలువలు. కుడిచేతి వైపు తెనాలి. గంటకు 200 కిలోమీటర్ల లెక్కన పావుగంట దాటిందా... కింద చెరుకుపల్లే!

కిందికి దిగి చూస్తే మాత్రం మనసు చిన్నబోతుంది. పొలాలూ రోడ్లూ అసలువే. ఇళ్ళు చాలావరకూ కంప్యూటరు ఊహించి కట్టినవి. వీధి ఉంటుంది, తెలిసిన గుమ్మం ఉండదు.

ఎక్స్‌ప్లేన్ లాంటివాటికి శిక్షణ కోసం ప్రొఫెషనల్ రూపమూ ఉంది. అలాగని ఇంట్లో తిప్పిన గంటలు లాగ్‌బుక్కులోకి ఎక్కవు. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగిరి ఉండాలి. పైలట్ అవుతానని పట్టుబట్టే పిల్లలుంటే, లక్షలు కట్టేముందు ఓ జాయ్‌స్టిక్ కొనిచ్చి చూడటం నయం. పక్కగాలి కొడుతుంటే నేలమీదికి దించడం ఎంత కష్టమో అక్కడే తెలిసిపోతుంది.

చెరుకుపల్లి దాటి ఇంకో అయిదు నిమిషాలు పోతే నిజాంపట్నం. ఆపైనంతా సముద్రమే, వెనక్కి తిప్పాలి.