పంటిమీద నిలిచిపోయిన చారలు

మీ బిడ్డకు పాలపళ్ళు ఊడి, ఆ చోట వచ్చిన కొత్త పళ్ళమీద సుద్దవంటి తెల్లమచ్చలో గోధుమరంగు చారలో కనిపిస్తే మీరు మొదట ఎవరిని తప్పుపడతారు? చాలా ఇళ్ళలో ఆ తప్పు బిడ్డదే అవుతుంది, సరిగా తోముకోవడం లేదని. నందిగామ, జగ్గయ్యపేటలలో నేను వైద్యం చేసిన కాలంలో, ఇటుకపొడితోను బొగ్గుపొడితోను పిల్లల చిగుళ్ళు రక్తం కారేదాకా తోమిన తల్లులను ఎందరినో చూశాను. దానివలన పంటి పైపొర అరిగిపోతుందే గాని మచ్చ పోదు. ఆ మచ్చ ఇవాళ పడినది కాదు. బిడ్డ పాకుతూ తిరిగే రోజులలో పడినది.

పన్ను మనకు కనిపించడానికి చాలా ముందే దాని నిర్మాణం మొదలవుతుంది. గర్భంలో ఆరవ వారానికే పిండపు దవడలలో పాలపళ్ళ అంకురాలు ఏర్పడతాయి. నాలుగవ నెలలో వాటిలో ఖనిజ లవణాలు చేరసాగుతాయి. శాశ్వత దంతాలలో మొదటి దవడపళ్ళు బిడ్డ పుట్టే వేళకే గట్టిపడనారంభిస్తాయి. పైవరుస ముందరి పళ్ళకు ఆ పని మూడు నాలుగు నెలల వయసున మొదలై, నాలుగైదేళ్ళకు ముగుస్తుంది. అంటే ఏడవ ఏట బయటికి వచ్చే పన్ను అప్పటికి రెండు మూడేళ్ళుగా చిగురు క్రింద సిద్ధంగానే ఉన్నదన్నమాట. (పైపళ్ళు ముందు వస్తే మేనమామకు గండమని మనవాళ్ళు భయపడతారు. ఏ పన్ను ముందు వచ్చినా మేనమామలకు వచ్చిన ముప్పేమీ లేదు.)

పంటికి మెరుపునిచ్చే పైపొర ఎనామెల్. దానిని నిర్మించే కణాలు పన్ను నోటిలోకి పొడుచుకొని వచ్చేసరికి నశించిపోతాయి. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది. ఎనామెల్‌ను తిరిగి కట్టే కణం మాత్రం మిగలదు. అందువలన ఆ పొర ఏర్పడే రోజులలో బిడ్డ పడిన తీవ్ర జ్వరం, పోషకాహార లోపం, నెలలు నిండని పుట్టుక పంటిమీద గాడిగానో మచ్చగానో నిలిచిపోవచ్చు. ‘ఎలాగూ ఊడిపోయేవే కదా’ అని పాలపళ్ళ పుచ్చును వదిలివేస్తే, దాని వేరు దగ్గర చేరిన చీము క్రిందనున్న శాశ్వత దంతాన్ని వికృతం చేయగలదు. కొన్ని పళ్ళు అసలు రాకపోవడం, అదనంగా ఒకటి మొలవడం, కొన్ని కుటుంబాలలో ఎనామెల్ పలుచగా ఉండడం తరచు జన్యువుల వలన జరిగేవి.

జగ్గయ్యపేట దాటి పడమరకు పోతే కోదాడ వస్తుంది. నేను చెప్పే కాలానికి అది నల్లగొండ జిల్లా. అటూ ఇటూ వియ్యాలందుకోవడం మామూలే. అటువైపు పల్లెలో కాపురముంటున్న ఒక తల్లి ఒకనాడు ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని వచ్చింది. పెనుగంచిప్రోలులో అమ్మమ్మ దగ్గర మున్నేటి నీళ్ళు త్రాగి పెరిగిన పెద్దవాడి పళ్ళు తెల్లగా ఉన్నాయి. తండ్రి ఊరిలో బోరునీళ్ళు త్రాగి పెరిగిన చిన్నవాడి పళ్ళు కుడి ఎడమలు ఒకే తీరున మచ్చలు పడి ఉన్నాయి. అది ఫ్లోరైడు పని. నల్లరాతి నేలలలోని ఖనిజాల నుండి అది బోరునీటిలోకి దిగుతుంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చాలా ఎక్కువై ఏళ్ళ తరబడి త్రాగితే ఎముకలూ వంగిపోతాయి. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలలో అటువంటి రోగులను గురించి 1937లోనే షార్ట్, ఆయన సహవైద్యులు ప్రకటించారు. నీరు కాచితే ఫ్లోరైడు పోదు, ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి దానిని తగ్గించే విధానానికి నల్లగొండ పేరే పెట్టారు.

అప్పటినుండి పంటిమీద చార కనబడితే చాలు, ‘నీళ్ళు’ అనడం నాకు అలవాటైపోయింది.

1990 ప్రాంతంలో నందిగామలో ఒక తండ్రి తన కూతురిని తీసుకొనివచ్చాడు. పద్దెనిమిదేళ్ళ పిల్ల. నవ్వవలసి వచ్చినప్పుడల్లా పైటచెంగు నోటికి అడ్డుపెట్టుకొనేది. రెండుసార్లు పెళ్ళిచూపులు తప్పిపోయాయి. పళ్ళకు అడ్డంగా బూడిద కలిసిన గోధుమరంగు పట్టీలు. నేను అలవాటుగా నీళ్ళన్నాను.

“మా ఇంట్లో అందరం ఆ నీళ్ళే త్రాగామండి. దీని అన్నయ్యకు లేవు, చెల్లెలికీ లేవు,” అన్నాడాయన.

మరునాడు చేతిసంచిలో పాత మందుల చీటీలన్నీ తెచ్చాడు. పిల్లకు రెండేళ్ళప్పుడు తరచు జలుబు, దగ్గు. మూడు చీటీలలో టెట్రాసైక్లిన్ సిరప్. ఆ చేతివ్రాత నాదే.

ఆ మందు కాల్షియంతో కలిసి, తయారవుతున్న పంటిలో పేరుకుపోతుంది. పొడిచినప్పుడు పసుపుగా ఉండి, వెలుతురు తగిలినకొద్దీ ముదురుతుంది. గర్భిణికి నాలుగవ నెల దాటిన తరువాతను, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకును అది తగదు. ఈ సంగతి పుస్తకాలలో అప్పటికే ఉంది. నేను చదివాను కూడా. (దాని బంధువైన డాక్సీసైక్లిన్‌ను స్క్రబ్ టైఫస్ వంటి జబ్బులకు నేడు పిల్లలకూ కొద్దిరోజులు ఇస్తారు. దానికి ఈ దోషం కనబడలేదు. అవసరమని డాక్టరు వ్రాస్తే భయపడి మానకండి.)

“ఇది నీళ్ళవలన కాదు, నేనిచ్చిన మందువలన,” అని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, “అప్పుడు పిల్ల బ్రతికింది కదండీ,” అన్నాడు.

అది ప్రాణాల మీదికి వచ్చిన జబ్బు కాదు. వట్టి జలుబు, వారంలో దానంతటదే తగ్గేది. ఆ మాట కూడా ఆయనతో చెప్పాను.

విజయవాడలో దంతవైద్యుని చేత ఆరు ముందరి పళ్ళకు తొడుగులు వేయించుకొన్నది ఆ అమ్మాయి. ఖర్చు నేను భరిస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. తరువాత ఆమె తన బిడ్డకు జ్వరం వచ్చి నా దగ్గరకే తీసుకొనివచ్చింది. నేను వ్రాసిచ్చిన చీటీని అక్కడే నిలబడి, ఒక్కొక్క మందు పేరు కూడబలుక్కొని చదివి, ఏది దేనికో అడిగి తెలుసుకొన్న తరువాతనే మందులషాపుకు వెళ్ళింది.