గీత కొట్టిన చోటు

గంపలగూడెంలో మా ఇంటి వెనక గదిలో కూర్చుని నేను చేసే ఉద్యోగం ఏమిటో అమ్మకి చెప్పడం కష్టం. వెబ్‌సైట్లలో అసలు సమాచారం వచ్చేలోపు కనిపించే బూడిదరంగు గీతలు, గుండ్రాలు తయారుచేస్తానంటే, "రానిదానికి బొమ్మ గీసినా జీతమిస్తారా!" అని నవ్వింది.

వాటిని స్కెలిటన్ స్క్రీన్లంటారు. 2013లో ల్యూక్ రోబ్లెస్కీ అనే డిజైనర్ ఆ మాట వాడుకలోకి తెచ్చాడు. తిరిగే చక్రం చూపిస్తే మనసు ఎదురుచూపు మీదే ఉంటుంది, రాబోయేదాని ఆకారం చూపిస్తే దానిమీదికి మళ్ళుతుందని ఆయన వాదన. మనకిది కొత్తేమీ కాదు. ముగ్గుకి ముందు చుక్కలు పెడతాం కదా! చుక్కల లెక్క తప్పితే గీత కలవదు. నా పనీ అంతే. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకి కొలిచిన గీతలో మన గుడులూ వత్తులూ పట్టవు. పేరు రెండో వరుసలోకి దిగితే పేజీ అంతా కిందికి జరుగుతుంది, వేలు వేరే బటన్ మీద పడుతుంది. ఖాళీని కూడా తెలుగులోనే కొలవాలని అలా నేర్చుకున్నాను.

కూలీల పనిదినాలూ డబ్బులూ చూపించే ఒక పేజీకి నేను చేసిన గీతల్ని ఇంట్లో పరీక్షిస్తున్నాను. మిరప కోతకి వెళ్ళొచ్చిన పక్కింటి పెద్దమ్మ అరుగు మీద కూర్చుంటే, ఫోన్ ఆమె చేతికిచ్చాను. సిగ్నల్ లేదు. గీతలు మెరుస్తూనే ఉన్నాయి. ఆమె మొహం మారిపోయింది.

"అమ్మాయ్, నా పేరు కొట్టేశారా?"

"లేదు పెద్దమ్మా, ఇంకా రాలేదంతే."

"మరి గీత కొట్టి ఉందే!"

నాకు నోట మాట రాలేదు. జాబితాలో పేరు మీద గీత పడితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. నేను అందమనుకున్నది ఆమెకి కొట్టివేత. ఎదురుచూపంటే రెండు సెకన్లే అనుకునేవాళ్ళ కళ్ళతో గీశానన్నమాట!

ఆ రాత్రి మళ్ళీ మొదలుపెట్టాను. పేరు, పనిదినాలు, కూలి అనే శీర్షికలు ఎక్కడినుంచో రానక్కర్లేదు, వాటిని ముందే అక్షరాల్లో చూపించాను. అంకెలు రావాల్సిన చోటే గీతలుంచాను. పైన "మీ వివరాలు తెస్తున్నాం" అని రాశాను. పది సెకన్లు దాటితే మనిషి ధ్యాస నిలవదని జాకబ్ నీల్సన్ 1993లోనే రాశాడు. అందుకే పది సెకన్లకి మెరుపు ఆగి, "నెట్ అందడం లేదు. మీ పేరు తీసేసినట్టు కాదు. మళ్ళీ నొక్కండి" అని వచ్చేలా చేశాను. చూపులేనివాళ్ళు వాడే స్క్రీన్ రీడర్‌కి గీతలు దాచి, ఈ మాటలే వినిపించేలా చూశాను.

"ఇన్ని మాటలెందుకు? అందం పోయింది" అన్నాడు మా పైవాడు. రేషన్ దగ్గరా, బ్యాంకు దగ్గరా, ఆసుపత్రి దగ్గరా ఆడవాళ్ళు ఊరికే నిలబడతారనే ధీమా ఆ మాటలో కూడా వినిపించింది నాకు. ఎదురుచూపుని తేలిగ్గా అనిపించేలా చేయడం వేరు, ఎందుకు ఆగామో చెప్పడం వేరు. పెద్దమ్మ అడిగిన ప్రశ్నే అతనికి చెప్పాను. ఆ మాటలు ఉండిపోయాయి.

పెద్దమ్మకి మళ్ళీ చూపించాను. "ఇది నయం, రాలేదని చెబుతోంది" అంది. కాసేపాగి, "అవునుగాని అమ్మాయ్, నా డబ్బులెప్పుడు పడతాయి?" అంది.

దానికి నా దగ్గర గీతా లేదు, మాటా లేదు.