10 పౌండ్లకు దక్కిన పాదిరిగారి ఇల్లు

ఇంగ్లాండు దేశపు దక్షిణ తీరాన ససెక్సు ప్రాంతంలో ఆల్ఫ్రిస్టన్ అనే చిన్న గ్రామమున్నది. పక్కనే కక్‌మియర్ ఏరు. పచ్చిక మైదానంలో పరిశుద్ధ అంద్రెయ పేరిట పాత రాతి దేవాలయము, దాని చెంతనే గడ్డి కప్పిన ఒక ఇల్లు. దానిని ‘క్లర్జీ హౌస్’, అనగా పాదిరిగారి ఇల్లు అంటారు. వయస్సు సుమారు 600 సంవత్సరాలు.

ఈ ఇంటికి బలమంతా కర్రలోనే ఉన్నది. మన బైబిలులో సింధూర వృక్షమని చదువుకొనే ఓక్ చెట్టు కర్ర అది. ఆ కాలపు వడ్రంగులు దానిని పచ్చిగా ఉండగానే చెక్కేవారు. ఒక దూలం కొసను సన్నగా చెక్కి, మరొక దాని బెజ్జంలో దూర్చి, చెక్క మేకు దిగగొట్టేవారు. కర్ర ఎండేకొద్దీ వంకరలు తిరుగుతుంది గాని అతుకు మాత్రం ఇంకా బిగుస్తుంది. అలాంటి ఇళ్లలో స్తంభాల నడుమ తడిక అల్లి, మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తేవారు. మన పల్లెవాసులకు ఇది కొత్త సంగతి కాదు!

మధ్యనున్న పెద్ద గదికి పై అంతస్తు లేదు. తల ఎత్తితే నేరుగా ఇంటి కప్పే కనబడుతుంది. పూర్వం పొగగొట్టం ఉండేది కాదు. నేల నడుమ మంట వేసుకొంటే పొగ పైకి పోయి కప్పు సందుల్లోనుండి వెళ్లిపోయేది. ఇరుప్రక్కల గదులకు మాత్రం మేడలున్నవి. నేల మరీ విచిత్రం. సుద్దను దంచి పరచి, పులిసిన పాలతో గట్టిపరచిన నేల అది. మన గృహిణులు పేడతో అలికినట్టే అనుకోండి.

ఇంత చక్కని ఇల్లు 19వ శతాబ్దం చివరికి శిథిలమై, పడగొట్టవలసిన స్థితికి వచ్చింది. దాని యజమాని ఎవరనుకొన్నారు? సంఘమే! కాని అక్కడి సంఘకాపరి బేనన్ గారికి మనసొప్పలేదు. సాయం చేయగలవారిని ఆయన వేడుకొన్నారు. నేషనల్ ట్రస్టు అనే సంస్థ 1895లో అప్పుడే పుట్టింది. దానిని స్థాపించిన ముగ్గురిలో ఆక్టేవియా హిల్ అనే స్త్రీ, రాన్‌స్లీ అనే పాదిరి కూడా ఉన్నారు. 1896లో ఆ సంస్థ ఈ ఇంటిని 10 పౌండ్లకు కొన్నది. అది కొన్న మొదటి కట్టడం ఇదే. మరమ్మతుకు మాత్రం అంతకు ఎన్నో రెట్లు కావలసి, ఆక్టేవియా హిల్ చందాలు అడుగవలసి వచ్చింది. ఆల్ఫ్రెడ్ పవెల్ అనే శిల్పి, పాత కర్రను వీలైనంత వరకు కదపకుండా ఇంటిని నిలబెట్టాడు.

నేడు యాత్రికులు ఆ పెద్ద గదిలో నిలబడి ఒక మూల దూలంవైపు చూస్తారు. అక్కడ ఏనాటి వడ్రంగో ఒక ఓక్ ఆకును చెక్కి ఉంచాడు. నేషనల్ ట్రస్టు గుర్తులోని ఆకు దీనినుండే వచ్చిందని చెప్పుకొంటారు.