పలువరుసయు పలువురును

పండ్లు వంకరగా నున్న పిల్లకు సంబంధము కుదురునా యని మన పెద్దలు బెంగపెట్టుకొనుచుండిరి. నేడు మా సూళ్లూరుపేటలో బడికిపోవు పిల్లల నోళ్ళలో క్లిప్పులు మెఱయుట వింత కాదు. అయితే ఇది ఒక్కనాడు కట్టుకట్టి పంపివేయు వైద్యము కాదు. తీగ పంటిని మెల్లగా నొత్తుచుండును. ఒత్తిడి తగిలిన వైపున దౌడయెముక కరగును. వెనుకవైపున క్రొత్తయెముక కట్టును. పన్ను నెలకు సుమారొక మిల్లీమీటరు జరుగును. కావుననే ఒకటిన్నర సంవత్సరము మొదలు రెండేండ్ల వఱకు పట్టుచున్నది.

1900లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున ఎడ్వర్డ్ ఏంగిల్ అను వైద్యుడు ఈ విద్యకే వేఱుగ పాఠశాల పెట్టెను. మన దేశమున ఈ వైద్యుల సంఘము 1965లో నేర్పడినది. విద్య ప్రత్యేకమైనకొలది చేతులును పెరిగినవి. అచ్చు తీయువా రొకరు, అవసరమైనచో పండ్లు తీయు శస్త్రవైద్యు లొకరు, తీగ వంచు ప్రధానవైద్యు లొకరు, రబ్బరులు మార్చు సహాయకురా లొకతె. వాకిట పేరు వ్రాసికొను పిల్ల నోటిలో చేయి పెట్టదు గాని, ఆమె కలము జాఱినను వైద్యము జాఱును.

మా రెండవ యమ్మాయికి పదమూడవ యేట పొరుగు పట్టణమున నొక వైద్యుని యొద్ద క్లిప్పులు వేయించితిమి. పేరేల? నెలకొకసారి రైలులో పోయి వచ్చుచుంటిమి. ఒకనాటి రాత్రి అన్నము తినుచుండగా మీది దౌడపంటికి అంటించిన బిళ్ళ ఊడినది. మఱునాడే ఫోనులో చెప్పితిమి. "రాసుకున్నానమ్మా" అన్నది వాకిటి పిల్ల. ఆ నెల సహాయకురాలు రబ్బరులు మార్చినది. వైద్యులు దూరమునుండి చూచి బాగున్నదనిరి. పై నెలయు నంతే. లోపలి గదికి తల్లులను రానీయరు. వాకిట రెండుమార్లు జ్ఞాపకము చేసితిమి. మూడవ నెలకు గాని అది వైద్యుల కంట బడలేదు. అన్ని నెలలు ఆ పన్ను కదలనే లేదు! పదవ తరగతి పరీక్షలకు ముందే క్లిప్పులు తీసివేయుదురని క్యాలెండరులో దినములు కొట్టివేసికొనుచున్న పిల్ల, ఇల్లు చేరువఱకు నోరు విప్పలేదు.

"నీకు కనపడలేదా?" యని వైద్యులు మా యెదుటనే సహాయకురాలిని గద్దించిరి.

"కనపడింది సార్. మీరు అడగలా, నేను చెప్పలా."

అక్కడనున్నవారు దానిని పొగరనుకొనిరి. మాకట్లు తోచలేదు. వాల్మీకి రామాయణమున సేతుబంధనము చదివినవారికి నలుడు జ్ఞాపకము రావలెను. అంత సేనలో వారధి కట్టగల నేర్పరి యున్నాడని సముద్రుడు వచ్చి చెప్పవలసివచ్చినది. అప్పుడు నలుడు, తన్నెవ్వరు నడుగలేదు గనుక తన గుణములు తాను చెప్పుకొనలేదనెను. విశ్వకర్మ కొడుకే యట్లున్నప్పుడు, నెలజీతమునకు వెఱచు పిల్ల తానై చెప్పునా? అత్తగా రడుగనిదే, పులుసులో ఉప్పు చాలలేదని మనలో ఏ క్రొత్తకోడలు చెప్పినది?

అడుగుటయు చాలదు, చెప్పిన మాటకు పని ఆగవలెను. మా యూరి ప్రక్కనే శ్రీహరికోట గదా. 2019 జులై 15వ తేది తెల్లవారుజామున చంద్రయాన్-2 పోవలసియుండెను. రాష్ట్రపతియే వచ్చి కూర్చుండియుండిరి. ఇంక 56 నిమిషముల 24 సెకనులున్న దనగా లోపము కనబడినది, ఆపివేసిరి. ఎవరేమనుకొందురో యని చూడలేదు. సరిచేసి 22వ తేదిన పంపిరి.

మా వైద్యులకును ఆనాటి మాట తగిలినట్లున్నది. తరువాత నొకనాడు ఉదయపు బండికి పోయి ముందుగా చేరితిమి. తలుపులు తెఱవకమున్ను అందఱు నిలుచుండి, ఆనాడు రాబోవువారి కార్డులు ఒక్కొక్కటిగా చూచుచుండిరి. పది నిమిషముల పని. మొదట వాకిటి పిల్ల చెప్పినది. పిమ్మట సహాయకురాలు, అచ్చులు తీయువాడు. వైద్యులు కడపట మాటాడిరి. ఈ వరుస మాకు మిక్కిలి నచ్చినది. పెద్దవారు ముందు తమ అభిప్రాయము చెప్పినచో, చిన్నవారికి "అవును సార్" అనుట తప్ప ఏమి మిగులును? మావారు బడిపంతులు గదా, ఇది విని, తమ బడిలో ప్రధానోపాధ్యాయులే ముందు మాటాడి ముందే లేచిపోవుదురని నవ్విరి. ఏదేని ఊడినదని ఫోను వచ్చినచో ఇప్పుడు కార్డుమీద ఎఱ్ఱసిరాతో గీత గీయుదురు. వైద్యులు స్వయముగ చూచి సంతకము చేసినగాని ఆ కార్డు బీరువాలోనికి పోదు.

సహాయకురాలు ఉద్యోగము మానలేదు, మాన్పింపబడనులేదు. పిల్ల కుర్చీలో కూర్చుండగానే, "ఏమన్నా ఊడిందా పాపా? గుచ్చుకుంటా ఉందా?" అని ముందుగా నడుగుచు వచ్చినది. మా యమ్మాయి క్లిప్పులు అనుకొన్నదానికి నాలుగు నెలలు మీఱి, పరీక్షలైన పిదప తీసిరి. పండ్లు మరల వెనుకకు జరుగకుండ రాత్రులు పెట్టుకొనుటకు రిటెయినరు ఇచ్చిరి. పెట్టుకొంటివా యని పండుకొనబోవునప్పు డడుగు పని మాత్రము మాది.