కందికి కాలము కుదించు గదిలో

హైదరాబాదు నుండి ముంబయికి పోవు రహదారిపై పటాన్‌చెరు పరిసరములకు చేరినంత, కర్మాగారముల నడుమ ఆకాశము విశాలమై, ఒకవంక నల్లరేగడియు వేరొకవంక ఎర్రనేలయు పరచుకొనిన పొలములు గోచరించును. 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఆవరణ మది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ అను పంటల మేలునకై అర్ధశతాబ్దికి పైగా అచట కృషి జరుగుచున్నది. పొలముల నడుమనే పోయినను, నేను చూడగోరి వచ్చినది పొలముతో బొత్తిగా సంబంధము లేనట్లు తోచు ఒక మూసిన గదిని, అందు పరిశోధక విద్యార్థులు కందిమొక్కలతో సలుపు పరిశ్రమమును.

మన ప్రాంతమున, మూసిన చోట పైరు పెంచు పాలీహౌసు అనినంతనే క్యాప్సికమో, జర్బెరా పూవులో, వాని అంగడి ధరయో స్ఫురించును. శీతదేశములలో అద్దపుటిల్లు వేడిమిని నిలుపుకొనుటకై పుట్టినది. దక్కను పీఠభూమిపై దాని మొదటి పని వేడిమిని వెడలగొట్టుట. తడిసిన ప్యాడ్ల గుండ గాలిని ఫ్యానులు లోనికి లాగినచో, వడగాలి పొడిగా వీచు తెలంగాణ వేసవిలో లోపల చల్లబడును గాని, ఉక్కపోతతో గాలి బరువెక్కియుండు కోస్తాలో ఆ యేర్పాటు అంతగా ఫలింపదు. కావుననే పరదేశపు నమూనాను యథాతథముగా నిలిపి, ఫలితము రాలేదని వగచుట తగదని నేను చిరకాలముగా తలచుచున్నాను. ఇక్రిశాట్ గదిలో మాత్రము నియంత్రించునది వేడిమిని మాత్రమే కాదు. పగటిని, రాత్రిని కూడ నియంత్రింతురు.

మాకు దారిచూపిన పరిశోధక విద్యార్థిని తాండూరు ప్రాంతపు రైతుబిడ్డ. ఆ ప్రాంతపు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది గదా, ఆ మాట చెప్పినపుడు ఆమె ముఖమున సంతోషము దాగలేదు. లోపల వరుసలు వరుసలుగా అరలు, అరలపై ఎల్‌ఈడీ దీపములు, వాని క్రింద చిన్న కుండీలలో దట్టముగా కందిమొక్కలు. చేనిలో మనిషిని మించి ఎదుగగల కంది ఇచట మోకాలెత్తునకైనను రాకమునుపే పూచి, ఒకటి రెండు కాయలతో నిలిచియుండుట చూచి నేను విస్మితుడనైతిని.

“బక్కగున్నయ్ అనుకుంటున్నరా సార్? మొక్క బలం మేం చూడం. ఎంత జల్ది ఒక్క గింజ ఇస్తదో అదే చూస్తం. ఒక్కో మొక్క నుంచి ఒక్క గింజ చాలు మాకు” అని ఆమె చెప్పెను.

ఆ యొక్క గింజలోనే విషయమంతయు నిమిడియున్నది. రెండు రకములను సంకరపరచిన పిమ్మట, వచ్చిన సంతతి గుణములు నిలకడ చెందుటకు ఆరేడు తరములైనను గడువవలయును. కంది చేనిలో సాధారణముగా ఏటికొక తరమే యిచ్చును. ఆపైన పరీక్షల కాలమును గూడ కలిపినచో, ఒక క్రొత్త వంగడము రైతు చేతికి వచ్చుటకు పదేండ్లకు పైబడి పట్టును. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమున, దినమునకు 22 గంటల వెలుగు నిచ్చి గోధుమను, శనగను ఏటికి ఆరు తరముల వరకు పండింపవచ్చునని 2018లో ప్రకటించిరి. ఆ పద్ధతి కందికి పనికిరాదు. దీర్ఘమైన పగలు గోధుమకు పూతను తొందరపెట్టును. హ్రస్వమైన పగటి కొరకు వేచియుండు కందికో, ఆకును పెంచి పూతను వెనుకకు నెట్టును.

ఈ రహస్యము తెలిసి శతాబ్దము దాటినది. వాషింగ్టన్ నగర సమీపమునగల వ్యవసాయక్షేత్రమున గార్నర్, అలార్డ్ అను శాస్త్రజ్ఞులు, వేసవిలో పూయక పెరుగుచునే పోవు ఒక పొగాకు రకమును కుండీలలో పెట్టి, సాయంకాలము కాకమునుపే వెలుగు చొరని కొట్టములోనికి చేర్చి, మరునాటి యుదయము వెలికి తెచ్చుచు, నడివేసవిలో దానిచే పూయించి, 1920లో తమ ఫలితములను ప్రకటించిరి. మొక్క నిజముగా లెక్కించునది రాత్రి నిడివిని అని తరువాతి పరిశోధకులు తేల్చిరి. దీర్ఘరాత్రి నడుమ కొలదినిమిషముల వెలుగు పడినను కొన్ని మొక్కల పూత ఆగిపోవును.

“చీకటి టైములో తలుపు తెరవనియ్యం సార్. సందులకెల్లి లైట్ పడ్డా మా లెక్క తప్పుతది” అని ఆమె యనినపుడు, మేము గదిలోనికి వచ్చిన వేళను ఆమె యెందులకంత పట్టుదలగా నిర్ణయించెనో బోధపడినది.

కందికి ఇచట యేర్పరచిన క్రమము వినదగినది. మొక్క పెరుగు దశలో 13 గంటల వెలుగు. పూతకు రావలసినపుడు 8 గంటలు. కాయ నిండునపుడు మరల 13 గంటలు. కాయ పూర్తిగా పండి యెండువరకు ఆగరు. పూత వచ్చిన ముప్పది, ముప్పదియైదు దినములకే పచ్చికాయను కోసి, గింజను తీసి, వెంటనే మరుసటి తరమునకు విత్తుదురు. ఏ నాటి గింజ మొలకెత్తినది, ఏ నాటిది కుళ్లినది అని ఆమె తన పుస్తకమున ప్రతి కాయకును తేదీ వేసి వ్రాసికొనుచుండెను. ఆ పుస్తకపు టంచులు చేతితడికి మెత్తబడియున్నవి. తల్లి చంటిబిడ్డ పాలు త్రాగిన వేళలు జ్ఞప్తియందుంచుకొనునట్లు, ఏ అర యే దశలో నున్నదో చూడకయే చెప్పగల యా శ్రద్ధ, నా దృష్టిలో, ఆ దీపములకంటె విలువగలది. ఈ విధముగా ఏటికి నాలుగు తరములు సాధ్యమగుచున్నవి. 45 డిగ్రీల వేడిమికి తాళి, సుమారు 125 దినములలో పంటకు వచ్చునదియు, పగటి నిడివితో నిమిత్తము లేక వేసవిలోను పండునదియు నగు ఐసీపీవీ 25444 అను కంది వంగడము ఈ మార్గముననే రూపొంది 2025లో వెలువడినది.

కంది పూవును తేనెటీగలు వదలవు. చేనిలో పరాగము ఒక మొక్కనుండి వేరొక మొక్కకు పోయి వంగడపు స్వచ్ఛత చెడుట సామాన్యము. మూసిన గదిలో ఆ భయము లేదు. కాని గది తెలుపలేని సంగతులు అనేకము. ఎండుతెగులు పట్టిన నేలలో వేరు నిలుచునా, వెర్రితెగులు సోకినపుడు కాయ పట్టునా, కాయతొలుచు పురుగు తినగా ఎంత మిగులును అను ప్రశ్నలకు సమాధానము చేనిలోనే దొరకవలయును. కావున గదిలో నిలకడ చెందిన ప్రతి వంగడమును విద్యార్థులు మరల ఎండలోనికి, తెగుళ్ల మళ్లలోనికి కొనిపోవుచున్నారు. గది కాలమును మిగుల్చును. తీర్పు చెప్పునది చేను.

కందిపప్పు లేని భోజనమును ఊహింపజాలని మనము, మొజాంబిక్ నుండియు మయన్మార్ నుండియు కందులు తెప్పించుకొనుచున్నాము. ఇట్టి గదులు ఒక్క అంతర్జాతీయ సంస్థకే పరిమితమగుట న్యాయము కాదు. రాజేంద్రనగర్, పాలెం, వరంగల్, లాం క్షేత్రములలో మన విద్యార్థులకు కంది నెరిగిన గురువులున్నారు, వంగడములున్నవి. గార్నర్, అలార్డులకు చాలినది వెలుగు చొరని యొక కొట్టము. కనీసము అట్టి కొట్టము నొకదానిని, కొన్ని దీపములను, వానికి ఎడతెగని విద్యుత్తును ప్రతి వ్యవసాయ కళాశాలలోను విద్యార్థుల పరిశోధనకై కేటాయింపవలసినదిగా రెండు తెలుగు రాష్ట్రముల విశ్వవిద్యాలయాధికారులను ప్రార్థించుచున్నాను.