నొప్పని చెప్పనివ్వండి

పదమూడేళ్ల అబ్బాయి. మధ్యాహ్నం ఒంటిగంటకి, ఓపీ అయిపోయే వేళకి వచ్చాడు. నడుము వంచి, కాళ్లు ఎడంగా వేస్తూ, గోడ పట్టుకుని నడుస్తున్నాడు. "రాత్రి నుంచి కడుపునొప్పి అంటున్నాడు డాక్టరుగారూ. రెండుసార్లు వాంతయింది. వాము నీళ్లు పట్టాను" అంది తల్లి. బల్ల మీద పడుకోమంటే పడుకున్నాడు గాని, రెండు చేతులూ నిక్కరు మీంచి తీయలేదు.

తల్లిని కాసేపు బయట కూర్చోమని, "నాన్నా, నొప్పి అసలు ఎక్కడ?" అని అడిగాను. తలుపు దగ్గర నిలబడ్డ తండ్రి వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి "కింద" అన్నాడు.

ఒక పక్క వృషణం వాచి, ఎర్రబడి ఉంది. వేలు తగిలితే విలవిల్లాడిపోతున్నాడు. వృషణాన్ని పట్టి ఉంచే నాళం మెలితిరిగిపోవడాన్ని మేం టోర్షన్ అంటాం. ఎదిగే వయసు మగపిల్లల్లో ఎక్కువగా వస్తుంది. కొందరిలో కడుపునొప్పిలా, వాంతుల్లా కనిపించి మభ్యపెడుతుంది. మెలిక పడగానే రక్తం అందదు. ఆరు గంటలలోపు ఆపరేషన్ చేసి విప్పితే చాలావరకు దక్కుతుంది. ఇరవై నాలుగు గంటలు దాటితే దక్కడం అరుదు. వీడికి నొప్పి మొదలైంది రాత్రి ఎనిమిదింటికి. అప్పటికే పదిహేడు గంటలు.

సర్జన్ మిత్రుడు వెంటనే ఆపరేషన్ చేశాడు. మెలిక విప్పి, గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన గుడ్డ చుట్టి, రంగు తిరుగుతుందేమోనని ఎదురుచూశాడు. నల్లగానే ఉండిపోయింది. తీసేయక తప్పలేదు. రెండోదానికి ఆ గతి పట్టకుండా కుట్లు వేసి నిలబెట్టాడు. ఒక్కటున్నా ఎదుగుదలకి, రేపు పిల్లలు పుట్టడానికి సాధారణంగా ఇబ్బంది ఉండదని తల్లిదండ్రులకు చెప్పాం.

మర్నాడు వార్డులో అడిగాను, రాత్రే ఎందుకు చెప్పలేదని. "సిగ్గేసింది సార్. చెబితే నాన్న, మగాడివి, ఆ మాత్రం ఓర్చుకోలేవా అంటాడని..."

తండ్రి పక్కనే ఉన్నాడు. కొడుకంటే ప్రాణం పెట్టే మనిషి. ఆ రాత్రి వరండాలో కూర్చోకుండా నిలబడే తెల్లవార్చాడు. ఆయన చిన్నప్పుడు ఆయన తండ్రీ ఆ మాటే అని ఉంటాడు, ప్రేమతోనే.

ఆ మాట ఎప్పుడు మొదలవుతుందో నేను మా టీకాల గదిలో రోజూ చూస్తుంటాను. సూది పడగానే ఆడపిల్ల ఏడిస్తే "అయ్యో, నా తల్లే" అని గుండెకి హత్తుకుంటారు. ఏడాదిన్నర మగపిల్లాడు ఏడిస్తే "ఛీ, ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా" అంటారు. సూది ఒకటే, మందు ఒకటే, మంటా ఒకటే. ఆ చిన్న మాటతో పసివాడు రెండు పాఠాలు నేర్చుకుంటాడు: నొప్పి బయటపెట్టకూడదని, ఆడపిల్లలా ఉండటం తక్కువని. మొదటి పాఠం వాడికే చేటు. రెండోది వాడి చెల్లెలికి, రేపు వాడితో కాపురం చేసే అమ్మాయికి చేటు. నేనూ చాలాకాలం "హీరోవి కదా, ఏడవకు" అనేవాణ్ణి. ఇప్పుడు అనను. "కొంచెం నొప్పి పుడుతుంది నాన్నా. ఏడుపొస్తే ఏడువు. అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకో" అంటాను.

దాచుకోవడం అలవాటైన పిల్లాడు ఒంటి నొప్పి ఒక్కటే దాచుకోడు. 2007లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడించింది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులకు గురయ్యామన్నవాళ్లు 53 శాతం. వారిలో సగానికి పైగా మగపిల్లలే. 2012లో వచ్చిన పోక్సో చట్టం మగపిల్లలకూ సమానంగా రక్షణ ఇస్తుంది. కాని చట్టం దాకా వెళ్లాలంటే ముందు పిల్లాడు ఇంట్లో నోరు విప్పాలి. 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో దాదాపు 72 శాతం మగవాళ్లు. ఒక్కో చావు వెనక అప్పులు, జబ్బులు, గొడవలు ఎన్నో ఉంటాయి. అయినా కష్టం చెప్పుకోవడం నామోషీ అని చిన్నప్పుడే నేర్పితే, పెద్దయ్యాక ఎవరితో చెప్పుకుంటారు?

ఓసారి ఒక నాయనమ్మ నాలుగేళ్ల మనవణ్ణి తీసుకొచ్చింది. "ఎప్పుడు చూసినా లక్కపిడతలతోనే ఆట డాక్టరుగారూ. వీడికి హార్మోన్ల తేడా ఏమైనా ఉందా? పరీక్షలు రాయండి" అంది దిగులుగా. పిల్లాడి చేతి సంచిలో ఏటికొప్పాక బొమ్మలు: పొయ్యి, తిరగలి, బుల్లి బిందె. నా బల్ల మీద పొయ్యి పెట్టాడు, ఊదాడు, గిన్నె దింపేముందు వేళ్లు కాలకుండా చొక్కా అంచు పట్టుకున్నాడు. "కాఫీ. వేడి. మెల్లిగా" అని నాకిచ్చాడు. తాగాను.

"చూశారా అమ్మా, ఏ పని తర్వాత ఏ పనో వాడికి తెలుసు. ఎదుటివాడికి నోరు కాలుతుందని కూడా తెలుసు. నాలుగేళ్లవాడికి ఇంతకన్నా ఏం కావాలి? రోజంతా మిమ్మల్ని చూస్తున్నాడు, మీలా చేస్తున్నాడు. పరీక్షలేమీ అక్కర్లేదు" అన్నాను. 2019 జాతీయ సర్వేలో ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు పెడుతుంటే, ఆ పని చేసే కొద్దిమంది మగవాళ్లు 97 నిమిషాలే పెడుతున్నారని తేలింది. ఆ అంకెలు ఆమెకి చెప్పే అవసరం రాలేదు. "నాకు జ్వరమొచ్చినా మా ఆయన గ్లాసుడు కాఫీ కలిపి ఎరగడు బాబూ" అంటూ, మనవడి బొమ్మలు ఒక్కొక్కటే సంచిలో సర్దింది.

తల్లిదండ్రులకి నేను చెప్పేది పెద్ద విషయమేమీ కాదు. ఏడిస్తే ఏడవనిచ్చి, తగ్గాక ఏమైందని అడగండి. బొమ్మలకి ఆడామగా తేడా అంటగట్టకండి. తిన్న కంచం వాడిచేత తీయించండి, నాన్న తీయడం వాడు చూడాలి. పదేళ్లు దాటిన కొడుక్కి, "అక్కడ నొప్పొస్తే అర్ధరాత్రయినా సరే, నన్ను లేపు" అని తండ్రే నోరు తెరిచి చెప్పాలి.

రెండేళ్ల తర్వాత ఒక రాత్రి పదకొండింటికి ఆ తండ్రే మా ఇంటి తలుపు తట్టాడు. ఈసారి చిన్నకొడుకుతో. గజ్జల్లో నొప్పన్నాడట, అరగంటయింది. జాగ్రత్తగా చూశాను. సాయంత్రం కబడ్డీలో కండరం పట్టేసింది, అంతే. "కంగారేమీ లేదు. అనవసరంగా పరుగెత్తుకొచ్చారు పాపం" అన్నాను.

"పర్లేదు డాక్టరుగారూ" అన్నాడాయన, వాడి భుజం మీద చెయ్యి తీయకుండానే. "నిద్రలేపి మరీ చెప్పాడు."