చదవకుండా ఉండగలరా?

మా మేనకోడలూ, ఇద్దరు క్లాస్‌మేట్లూ హాల్లో స్కెచ్ పెన్నులు పరుచుకుని సైకాలజీ ప్రాజెక్ట్ ప్లాన్ చేస్తున్నారు.

స్ట్రూప్ ప్రయోగమట.
"ఎరుపు" అన్న మాటని ఆకుపచ్చ ఇంకుతో రాస్తారు. మాట వదిలేసి ఇంకు రంగు చెప్పాలి. వద్దనుకున్నా కళ్ళు చదివేస్తాయి, నాలుక తడబడుతుంది!

1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ ప్రచురించిన ఫలితాల్లో 100 చతురస్రాల రంగులు చెప్పడానికి విద్యార్థులు సగటున 63 సెకన్లు తీసుకున్నారు. ఇలాంటి మెలిక మాటలు 100 ఇస్తే 110 సెకన్లు.

వీళ్ళ తగువల్లా కార్డులు తెలుగులోనా, ఇంగ్లిష్‌లోనా అని.

"తెలుగైతే మనోళ్ళు ఇట్టే గెలిచేస్తారే. కూడబలుక్కుని చదివే బ్యాచేగా!" అందొకమ్మాయి.

నవ్వొచ్చింది. తర్వాత ఆలోచనలో పడ్డా.

నిజమే. చదవడం బాగా అలవాటైతేనే ఆ అడ్డు వస్తుంది. లిపి రానివాళ్ళకి అవి ఉత్త రంగు గీతలు. అంటే ఏ భాషలో ఎక్కువ తడబడితే ఆ భాష చదవడం మనలో అంతగా ఇంకిపోయినట్టు. ఓడిపోతే సంతోషించాల్సిన పరీక్ష ఇదొక్కటేనేమో!

చివరికి రెండు భాషల్లోనూ చేస్తారట. సగం మందికి ముందు తెలుగు, మిగతావాళ్ళకి ముందు ఇంగ్లిష్.

మీ ఇంట్లో పిల్లలకీ పెట్టి చూడండి. ఎందులో తడబడ్డారో చెప్పండి.
మీరెందులోనో కూడా 🙂